పూలకి చోటు లేని ఇల్లు

మొగుడు పెళ్ళాన్ని చూసి కుళ్ళుకోవడం లోకంలో కొత్తేమీ కాదు. కానీ పెళ్ళాం చేసిన కాగితం పువ్వుని, అదీ మిరపగింజంత పువ్వుని చూసి కుళ్ళుకునే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అంటే, ఉన్నాడు. అతన్ని ఆ వీధిలో అందరూ బుల్లి మేస్త్రి అంటారు. మనిషి ఆరడుగుల పైమాటే, చేసే పనే బుల్లిది. బొమ్మరిళ్ళు కడతాడు, వాటిలోకి బల్లలూ కుర్చీలూ మంచాలూ బీరువాలూ చేస్తాడు. అన్నీ అడుగుకి అంగుళం లెక్కన. మామూలు ఇంట్లో మూడడుగులుండే బల్ల అతని చేతిలో మూడంగుళాలుంటుంది, అంతే తేడా. సొరుగు పట్టి లాగితే వస్తుంది. బీరువాకి గడియ పడుతుంది. ఒకప్పుడు పెద్ద తలుపులూ ద్వారబంధాలూ చేసేవాడు. ఒకరోజు దూలం ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇక బరువులెత్తితే మంచం దిగవని డాక్టరు చెప్పేశాడు. బరువు లేని వడ్రంగం ఏముందా అని వెతుక్కుంటే ఇది దొరికింది.

పని బాగా చేస్తాడు. ఏదో బాగా కాదు, వంక పెట్టడానికి వీల్లేనంత బాగా. జనం వంక పెట్టలేదు కూడా. అసలు చూస్తే కదా.

చూడకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది, అతని ఎదురుగా, కిటికీ పక్కన కూర్చుని. ఐదేళ్ళ క్రితం అతను మొదటి బొమ్మరిల్లు ముగించినప్పుడు, హాల్లో బల్ల బోసిగా ఉందని భార్య అంది. అని ఊరుకుంటే పోయేది. ఒక నీలం పూసని కుండీ చేసింది. పల్చటి కాగితంలోంచి గోళ్ళ కత్తెరతో రేకులు కత్తిరించి, ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని గుండుసూది తలతో నొక్కింది. అలా నొక్కితే కాగితం నిజం రేకులాగా లోపలికి ముడుచుకుంటుందని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. సన్నటి తీగలకి వాటిని చుట్టి మూడు గులాబీలు చేసి, పెట్టనా అని అడిగింది. పెట్టు, బాగుంటుంది అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆ తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నాడో లెక్కలేదు.

ఆ రోజు నుంచి, అతని ఇళ్ళు అమ్మిపెట్టే బొమ్మరిళ్ళ కొట్టుకి వచ్చిన ప్రతి మనిషీ ఆ పూల దగ్గరే ఆగాడు. మేస్త్రి ఇల్లు కట్టి, నేల పరిచి, మెట్లు చెక్కి, తలుపులు బిగించి పంపిస్తే, వచ్చినవాళ్ళు వాటన్నిటి మీద నుంచీ కళ్ళు జార్చి కుండీ దగ్గర నిలబెట్టేవాళ్ళు. ఆవిడకో అలవాటుంది. ఏ గుత్తి చేసినా అందులో ఒక పువ్వుని కాస్త వాడినట్టు తల వంచేది, ఒక ఆకు అంచుకి సుద్దపొడితో పసుపు పులిమేది. జనం ఆ వాడిన పువ్వుని చూసి మురిసిపోయేవాళ్ళు. మేస్త్రికి ఒళ్ళు మండేది అక్కడే. తన కుర్చీకి ఒక కాలు వంకరగా ఉంటే ఊరుకుంటారా? ఆవిడ పువ్వు వాడిపోతే మాత్రం మెచ్చుకుంటారు. ఇదెక్కడి న్యాయం?

ఇంట్లో ఇంకో బాధ. రేకులు బల్ల మీద పరిచి ఉన్నంతసేపూ ఫ్యాను వెయ్యకూడదు. తుమ్ము వస్తే బయటికి వెళ్ళి తుమ్మాలి. అతను రంపం పట్టుకునే ముందు ఆవిడ తన పళ్ళెం మీద గాజు గిన్నె బోర్లించుకోవాలి, లేకపోతే రంపపు పొట్టు వెళ్ళి తడి జిగురు మీద పడుతుంది. కాబట్టి అతను ప్రతిసారీ చెప్పి రంపం ఎత్తాలి. సొంత ఇంట్లో, సొంత రంపానికి పర్మిషన్. చెమటలు కారుతుంటే కళ్ళు తుడుచుకుంటూ, భార్య ఊపిరి బిగబట్టి రేకు అతికించడం చూసేవాడు. చూడటం అంటే పువ్వుని కాదు. ఆవిడ మొహంలో గర్వం ఏమైనా కనిపిస్తుందేమోనని చూసేవాడు. కనిపించేది కాదు. అదింకా మంట.

అసలు దెబ్బ అలంకరణ బల్ల దగ్గర తగిలింది. మూడు అద్దాల బల్ల, ఏడు సొరుగులు, అన్నిటికన్నా కింది సొరుగు వెనక ఇంకో దొంగ సొరుగు. రెండు నెలలు కూర్చుని చేశాడు. కొట్టులో అతను ఉండగానే ఒకావిడ వచ్చింది. బల్ల మీదున్న లిల్లీ పూల కుండీని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. చోటు కోసం బల్లని మోచేత్తో పక్కకి నెట్టింది. మోచేత్తో! పూలు మాత్రమే ఇస్తారా అని అడిగింది. కొట్టావిడ ఇచ్చేసింది. ఇచ్చి, మేస్త్రి వైపు తిరిగి, మీ ఆవిడ చేతిలో ఏదో ఉందండీ అని నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా దవడల్లో నొప్పి పెట్టింది.

ఆ నెలలోనే కొట్టావిడ ఒక కబురు చెప్పింది. వీధి వైపున్న పెద్ద అద్దం వెనక ఏడాది పొడుగునా ఒకే ఒక్క బొమ్మరిల్లు పెడతానంది. పక్కన చేసినవాళ్ళ పేరు రాసిన కార్డు ఉంటుంది. ఆ ఇల్లు మీ దంపతులే చెయ్యాలంది. దారిన పోయే వాళ్ళందరూ చూసే అద్దం అది. ఇంటికి నడుస్తూ మేస్త్రి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ కార్డు మీద ఒక్క పేరే ఉండాలి. జనం ఒక్కసారైనా, జన్మలో ఒక్కసారైనా, బల్లని చూడాలి.

పూలు పెట్టొద్దని భార్యకి చెప్పే ధైర్యం లేదు. ఎందుకు అని అడిగితే ఏం చెబుతాడు? అందుకని వడ్రంగికి మాత్రమే తట్టే దొంగ ఉపాయం ఒకటి తట్టింది. పూలకి నిలబడటానికి చదునైన చోటు కావాలి. చదును లేకుండా ఇల్లు కడితే సరి.

నాలుగు నెలలు కట్టాడు. కిటికీ గట్లన్నీ బయటికి ఏటవాలుగా కోశాడు, వాన నీళ్ళు జారడానికట. రాత బల్ల పైభాగం వాలుగా పెట్టాడు. భోజనాల బల్ల మీద పళ్ళేలూ చెంచాలూ గ్లాసులూ ఖాళీ లేకుండా జిగురుతో అంటించేశాడు. బీరువాలన్నీ కప్పుదాకా లేపాడు, వాటి మీద అంగుళంలో పదో వంతు కూడా మిగలలేదు. మంచం పక్క చిన్న స్టూలు మీద దీపం. మెట్ల మొదట్లో ఉన్న గూట్లో గడియారం. నేల మీద పెద్ద కుండీ పెడతారేమోనని మూలలన్నిటికీ కుర్చీలు తోశాడు. అసూయతో చేశాడు గానీ, ఒక్క మేకు లేకుండా చేశాడు. గోడకి గోడని కుసులు చెక్కి, ఒకదాని కొస ఇంకోదాని గాడిలో దించి బిగించాడు. అంత మంచి పని అతను అంతకు ముందు చెయ్యలేదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి.

ఆ నాలుగు నెలలూ భార్య అడుగుతూనే ఉంది, ఏ గదిలో ఏ పూలు చెయ్యమంటారు అని. చూద్దాంలే అనేవాడు. ఆవిడ తనకి తోచినట్టు డాలియాలూ చామంతులూ చేసుకుంటూ పోయింది. ఇల్లు పూర్తయ్యిందని ఒక ఉదయం చెప్పాడు. ఆవిడ చేతులు కడుక్కుని, పళ్ళెమూ పట్టకారూ తెచ్చుకుని ఇంటి ముందు కూర్చుంది.

ముందు హాలు చూసింది. తర్వాత భోజనాల గది. పట్టకారుతో ఒక కుండీని పట్టుకుని కిటికీ గట్టు మీద ఆనించింది, అది జారింది. రాత బల్ల మీద పెట్టింది, అది కూడా జారింది. బీరువా పైకి చూసింది. పడగ్గదికి వెళ్ళింది, మెట్ల దగ్గరికొచ్చింది. తొందరపడకుండా ఇల్లంతా, గది గదికీ, నిజంగా అద్దెకి చూడ్డానికి వచ్చిన మనిషిలాగా తిరిగింది. మేస్త్రి ఉలికి పదును పెడుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, ఈ ఇంట్లోవాళ్ళు పూలు తెచ్చుకుంటే ఎక్కడ పెట్టుకుంటారు?"

"పూలు తెచ్చుకునే రకం కాదు వాళ్ళు," అన్నాడు, ఉలి వైపే చూస్తూ.

ఆవిడ అలాగా అంది. కుండీల్ని తిరిగి పళ్ళెంలో సర్దుకుని గాజు గిన్నె బోర్లించింది. అడగకుండానే ఫ్యాను వేసింది. ఆ పూట వంటలో ఉప్పూ కారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దానికే అతనికి భయమేసింది.

భయం ఎంతసేపులే. మర్నాడు ఇల్లు అద్దం వెనక చేరింది, కార్డు మీద ఒక్క పేరే పడింది. మేస్త్రి రోడ్డుకి అవతల టైలరు కొట్టు ముందు నిలబడి చూశాడు. టైలరు రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. మూడోసారి తనే ఒక స్టూలు ఇచ్చాడు. జనం ఆగారు. కాదనడానికి లేదు. అబ్బ, ఎంత నీటుగా ఉందో అన్నారు. తలుపులు చూశారు, మెట్లు చూశారు. తర్వాత కళ్ళు అటూ ఇటూ తిప్పి దేనికోసమో వెతికి, దొరక్క, నడిచి వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన భార్యతో అన్న మాట రోడ్డు దాటి వినిపించింది. ఇల్లు బాగుంది గానీ అమ్మకానికి పెట్టిన ఇల్లులా ఉంది, ఎవరూ ఉంటున్నట్టు లేదు అన్నాడు. ఆయనకేం తెలుసు అనుకున్నాడు మేస్త్రి. అనుకుని, వారం పాటు ఆ మాటే నెమరేశాడు.

ఇంతలో బావమరిది వచ్చాడు. భార్య తమ్ముడు. ఈ పని మేస్త్రి దగ్గరే సగం నేర్చుకుని, మిగతా సగం నేర్చుకునే ఓపిక లేక మెషీన్ కొనుక్కున్నాడు. ప్లైవుడ్ పెట్టి మీట నొక్కితే వారానికో బొమ్మరిల్లు. అంచులు గరుకు, రంగు దట్టం. మేస్త్రి అతన్ని ఎదురుగానే అగ్గిపెట్టెల కాంట్రాక్టరు అనేవాడు, అతను నవ్వేసేవాడు. ఆ రోజు అక్క దగ్గర కూర్చుని టీ తాగి వెళ్ళాడు. భోజనాల దగ్గర ఆవిడే చెప్పింది, తమ్ముడు పూలడిగాడు, ఎలాగూ ఖాళీగా ఉన్నాయి కదా అని ఇచ్చాను అని. ఇచ్చుకో అన్నాడు మేస్త్రి, మహారాజులాగా. ఆ అగ్గిపెట్టె మీద ఏ పువ్వు పెడితే మాత్రం ఎవడు చూస్తాడు అనుకున్నాడు.

పది రోజుల తర్వాత జిగురు కొనుక్కోవడానికి వెళ్తే, అద్దం ముందు జనం గుంపుగా ఉన్నారు. తన ఇల్లే అనుకుని గుండె ఉప్పొంగింది. దగ్గరికి వెళ్తే తెలిసింది. ఏడాదంతా ఒకే ఇల్లు అన్న అద్దం వెనక ఇప్పుడు రెండు ఇళ్ళున్నాయి. తన ఇల్లు మూలకి జరిగింది, మధ్యలో బావమరిది ఇల్లు. పక్కన కార్డు మీద రెండు పేర్లు, అక్కదీ తమ్ముడిదీ. అందరూ వంగి హాల్లోకి చూస్తున్నారు. మేస్త్రి అందరినీ తోసుకుని తనూ వంగాడు.

వంకర బల్ల. ఆకుపచ్చ రంగు ఒకచోట పొక్కులు లేచింది. దాని మీద గాజు పూస కుండీలో ఐదు డాలియాలు. కుండీలో నీళ్ళున్నాయి. నీళ్ళు కాదు, ఎండిన జిగురు, కానీ కాడలు ఆ నీళ్ళలోకి దిగేచోట నిజంగా నీళ్ళలో ఉన్నట్టే వంగి కనిపించాయి. ఒక్కో పువ్వుకీ యాభై రేకులైనా ఉంటాయి. నడిమధ్య ఎరుపు, అంచుకి వచ్చేసరికి తెలుపు, ఆ రెండిటి మధ్యా ఎక్కడ మారిందో తెలియని రంగు. ఒక పువ్వు తల వాల్చింది. దాని కింద బల్ల మీద రెండు రేకులు రాలి ఉన్నాయి. వాటిలో ఒకటి బల్ల అంచుకి సగం బయట ఉంది, ఇంకాస్త గాలి వీస్తే పడిపోయేలా.

ఐదేళ్ళు ఎదురుగా కూర్చుని మేస్త్రి ఒక్కసారి కూడా ఆ పూలని చూడలేదు. పూలని చూసే మొహాల్ని చూసి ఏడవడంతోనే సరిపోయింది. ఇప్పుడు ముక్కు అద్దానికి ఆనించి చూస్తుంటే, వెనకనుంచి ఎవరో కాస్త జరగండి సార్ అన్నారు. జరగలేదు. కడుపు మండుతోంది. ఇదివరకు మండినట్టు కాదు. ఇదివరకు ఆ పువ్వంటే మంట. ఇప్పుడు ఆ బల్లంటే మంట. ఆ పొక్కుల రంగు, వంకర కాళ్ళ అగ్గిపెట్టె బల్లని చూసి, ఒక్క మేకు లేకుండా ఇల్లు కట్టినవాడు అసూయతో రగిలిపోయాడు. దాని మీద ఆవిడ పూలున్నాయి. తన బల్లల మీద లేవు.

బావమరిది కొట్టులోనే ఉన్నాడు. చూసి బయటికొచ్చాడు. మొహంలో ఎకసెక్కమేమీ లేదు, ఉంటే మేస్త్రికి కాస్త ఊరటగా ఉండేదేమో.

"బావా, నువ్వు తిట్టకముందే నేనే చెబుతున్నా. బల్ల ఊగుతోంది. అక్క కుండీ పెట్టేటప్పుడు కాలి కింద కాగితం మడత పెట్టింది."

"ఏమంది?"

"ఏమంటుంది. మీ బావ బల్ల మీదైతే కింద ఏమీ పెట్టే పని ఉండదు, ఐదేళ్ళలో ఒక్కసారి కూడా కుండీ కదలలేదు అంది. నీ సొరుగుల గురించి కూడా ఏదో చెప్పింది, ఏడు కాదు ఎనిమిదని."

దొంగ సొరుగు సంగతి మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా కనిపెడితే చూద్దామని ఊరుకున్నాడు, ఎవరూ కనిపెట్టలేదని ఇన్నాళ్ళూ కుమిలాడు. జిగురు కొనడం మర్చిపోయి ఇంటి దారి పట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, తన ఇల్లు వారం రోజులకి తిరిగి ఇప్పించమని కొట్టావిడని అడిగాడు. ఆటో మాట్లాడుకుని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. నడుం కలుక్కుమంది, పట్టించుకోలేదు.

భార్య కిటికీ దగ్గర పనిలో ఉంది. ఇల్లు చూసి ఏమైందని అడగలేదు. మేస్త్రి దాన్ని తన బల్ల మీద దించి, చాలాసేపు రంపాలు ఏరుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ రంపాలు ఏరుకున్నాడు.

"కుండీ కింద ఎంత వెడల్పు కావాలి నీకు?"

ఆవిడ తలెత్తలేదు. పట్టకారు చివర ఒక రేకు ఉంది. దాన్ని అతికించి, ఊపిరి వదిలి, అప్పుడు చెప్పింది.

"మూడు నూలు చాలు."

అంగుళంలో ఎనిమిదో వంతుని వడ్రంగులు నూలంటారు. పూలు చేసేవాళ్ళకి ఆ మాటతో పని లేదు. ఆవిడకి ఎలా వచ్చిందని అడగబోయి ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంది, ఇంకెలా వస్తుంది.

రంపం పెడుతున్నానని చెప్పాడు. ఆవిడ పళ్ళెం మీద గిన్నె బోర్లించింది. హాలు కిటికీ గట్టు కొయ్యడానికి అరపూట పట్టింది. మేకులు లేని గోడ కాబట్టి ఒకచోట కోస్తే ఇంకోచోట వదులైంది. కిటికీ చట్రం చీలింది, అంత అందమైన చట్రమూ తీసి పారేసి మళ్ళీ చేశాడు. గోడకి బయటివైపు ఒక గీత పడింది, అది పోలేదు. మూడో రోజుకి చదునైన గట్టు కూర్చుంది, సరిగ్గా మూడు నూలు. రసమట్టం పెట్టి చూసుకున్నాడు. తర్వాత భోజనాల బల్ల మీద అంటించిన పళ్ళేల్లో రెండు ఊడదీశాడు.

అంతా అయ్యాక భార్య ముందు పెట్టి, ఇక పెట్టు అన్నాడు. ఆవిడ గట్టు మీద వేలు పెట్టి ఒకసారి రాసి చూసింది. బాగుంది అంది. కానీ చేసినవన్నీ తమ్ముడు పట్టుకెళ్ళాడు, ఇంకా ఆరు ఇళ్ళకి అడిగాడు, మాటిచ్చేశాను, అవి అయ్యేదాకా ఒక్క పువ్వు కూడా పక్కకి తియ్యలేను అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పి, తీగ తీసుకుని మళ్ళీ పనిలో పడింది. వాడికన్నా ముందు నాకు చెయ్యొచ్చు కదా అనే మాట మేస్త్రి నాలిక చివరిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అంటాడు? లేచి వెళ్ళి ఫ్యాను ఆపాడు.

ఇల్లు మళ్ళీ అద్దం వెనక్కి చేరింది, మూలకే. పక్క ఇంట్లో వంకర బల్ల మీద డాలియాల కుండీకి తోడు చామంతుల కుండీ కూడా వచ్చింది. కొట్టావిడ హాలు కిటికీ చూసి, ఈ గట్టు మీద ఏమీ లేదేంటండీ, వెలితిగా ఉంది అంది. అల్మరాలోంచి ఒక బుల్లి పింగాణీ పిల్లిని తీసి అక్కడ పెట్టబోయింది. మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"వద్దండీ. అది మా ఆవిడ పూలకి. ముందు మా బావమరిదివి ఆరు ఇళ్ళున్నాయి. తర్వాత నా వంతు."

కొట్టావిడ నవ్వింది. అతను నవ్వలేదు.